బ్రౌజర్ క్యాష్: స్వరూపం, శుద్ధి – పరిశోధకులు గమనించవలసిన అంశాలు

వ్యాససంగ్రహం:
వెబ్ పుటలను వేగంగా చూపడానికి బ్రౌజర్ వాటి ప్రతులను మన కంప్యూటర్‌లోనే దాచుకొంటుంది. ఈ నిల్వను క్యాష్ అంటారు. దీనివల్ల సమయం, డేటా ఆదా అవుతాయి. అయితే మూలపుట మారిన తరువాత కూడా పాఠకుడికి పాతప్రతి కనిపించే అవకాశం ఉంది. అంతర్జాల ఆకరాల నుంచి పాఠాలను ఉదాహరించే తెలుగు పరిశోధకులకు ఇది కేవలం సాంకేతిక విషయం కాదు, ఆకరప్రామాణ్యానికి సంబంధించిన విషయం. క్యాష్ పనిచేసే తీరు, పాతప్రతి కనిపించడానికి గల కారణాలు, కుకీలు మొదలైన వాటితో దానికి గల భేదం, శుద్ధి చేసే పద్ధతులు, ఉదాహరణకు ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు ఈ వ్యాసంలో వివరించబడ్డాయి.

కీలకపదాలు: అంతర్జాలం, బ్రౌజర్, క్యాష్, కుకీ, ఆకరాలు, పాఠాంతరం, ఉదాహరణ, తెలుగు ఫాంట్లు.

1. ఉపోద్ఘాతం:
తెలుగు పరిశోధనకు అవసరమైన ఆకరాలలో చాలాభాగం నేడు అంతర్జాలంలో లభిస్తున్నాయి. నిఘంటువులు, కావ్యపాఠాలు, పాతపత్రికల సంచికలు, పరిశోధన పత్రికలు, విశ్వవిద్యాలయ ప్రకటనలు అన్నీ బ్రౌజర్ ద్వారానే చూస్తున్నాం. ముద్రితగ్రంథాన్ని ఉదాహరించేటప్పుడు అది ఎన్నో ముద్రణ, ఏ సంవత్సరంలో వచ్చింది, ఎవరు పరిష్కరించారు అనే విషయాలను జాగ్రత్తగా చూస్తాం. వెబ్ పుట విషయంలో మాత్రం తెరమీద కనిపించిందే వెబ్‌సైట్‌లో ఉన్నదని నమ్మి రాసుకొంటాం. ఆ నమ్మకం ఎంతవరకు సరైనదో తెలిపే ఒక స్వీయానుభవాన్ని ముందుగా పేర్కొంటాను.

కొన్నేళ్ల క్రితం ఒక వెబ్‌సైట్‌లోని కావ్యపాఠాన్ని పరిశీలిస్తుండగా “అర్ధచంద్ర” అని ఉండవలసిన చోట “అర్థచంద్ర” అని కనిపించింది. ధకారానికి బదులు థకారం పడింది. టైపు చేసేటప్పుడు తరచుగా దొర్లే పొరపాటే ఇది. నిర్వాహకులకు ఈ-మెయిల్ ద్వారా తెలియజేశాను. మూడు వారాల తరువాత బుక్‌మార్క్ నుంచి ఆ పుటను మళ్లీ తెరిస్తే అదే దోషం కనిపించింది. అప్పుడు రాస్తున్న వ్యాసంలో “దోషాన్ని తెలియజేసినా నిర్వాహకులు సవరించలేదు” అని ఒక వాక్యం చేర్చి పత్రికకు పంపాను. నెలరోజులకు సమీక్షకుల అభిప్రాయం వచ్చింది. ఆ పుటలో పాఠం సరిగానే ఉందనీ, విమర్శకు ఆధారం కనిపించలేదనీ అందులో ఉంది. నా కంప్యూటర్‌లో చూస్తే దోషం అలాగే ఉంది. అంతకుముందు ఆ పుటను ఎన్నడూ తెరవని నా ఫోన్‌లో చూస్తే పాఠం సరిగా ఉంది. నిర్వాహకులు నా ఉత్తరం అందిన వారంలోపే సవరించారని తరువాత తెలిసింది. నేను విమర్శించింది వారి పుటను కాదు, నా కంప్యూటర్‌లో మిగిలిపోయిన పాతప్రతిని.

ఆ వాక్యం అచ్చయి ఉంటే శ్రద్ధగా పనిచేసినవారికి అన్యాయం జరిగేది. ఇటువంటి పొరపాటు ఎలా జరుగుతుందో, దాన్ని ఎలా నివారించుకోవాలో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. క్యాష్ - పదం, భావన:
తెలుగులో రాసినప్పుడు నగదును సూచించే “క్యాష్”, ఈ “క్యాష్” ఒకేలా కనిపిస్తాయి. కానీ రెండూ వేర్వేరు పదాలు. కంప్యూటర్ రంగంలోని క్యాష్‌కు మూలం “దాచు” అనే అర్థం గల ఫ్రెంచి క్రియ. ఆంగ్లంలో ఈ పదం దాచిపెట్టిన సరుకును, దాచిన చోటును సూచించేది. 1965లో బ్రిటిష్ శాస్త్రవేత్త మారిస్ విల్క్స్ పెద్ద జ్ఞాపకశక్తికి తోడుగా ఉండే చిన్న, వేగవంతమైన జ్ఞాపకశక్తిని గురించి ప్రతిపాదించారు. 1968లో ఐబిఎం సంస్థ తన సిస్టం/360 మోడల్ 85 కంప్యూటర్‌లోని అటువంటి ఏర్పాటును వివరిస్తూ “క్యాష్” అనే పేరును వాడింది. అప్పటినుంచి ఆ పేరు స్థిరపడింది.

భావన సులభమైనది. తరచుగా అవసరమయ్యే వస్తువును దూరంనుంచి ప్రతిసారీ తెచ్చుకోకుండా దగ్గర ఒక ప్రతి ఉంచుకోవడం. గ్రంథాలయంలోని నిఘంటువును రోజూ వెళ్లి చూడలేక, కావలసిన పుటలను జిరాక్స్ తీయించి బల్లసొరుగులో పెట్టుకొన్నట్లు. సొరుగులోని ప్రతి చేతికి వెంటనే అందుతుంది. కానీ గ్రంథాలయానికి కొత్త ముద్రణ వచ్చిన సంగతి సొరుగుకు తెలియదు.

తాళపత్ర ప్రతులతో పనిచేసినవారికి ఈ పరిస్థితి కొత్తది కాదు. సి.పి. బ్రౌన్ ఒక గ్రంథానికి లభించిన పలు ప్రతులను సేకరించి, పండితుల సహాయంతో వాటిని పోల్చి చూపించాడు. మాతృక ఏది, ప్రతి ఏది, అది ఏ కాలానిది అనే ప్రశ్నలు పాఠపరిష్కరణకు పునాది. వెబ్ పుట విషయంలోనూ ఇవే ప్రశ్నలు వేసుకోవాలి. అయితే ఒక ముఖ్యమైన తేడా ఉంది. లేఖకుడు ప్రతి రాసేటప్పుడు అక్షరాలు మారవచ్చు, పాదాలు జారిపోవచ్చు. బ్రౌజర్ తీసుకొన్న ప్రతిలో అటువంటి లేఖకదోషం ఉండదు. తాను దించుకొన్న క్షణంలో సర్వర్ పంపినదాన్ని అది అక్షరం మారకుండా చూపుతుంది. చిక్కంతా ఆ క్షణం ఎప్పటిదో తెరమీద కనిపించకపోవడంలోనే ఉంది.

3. బ్రౌజర్ క్యాష్ పనిచేసే విధానం:
ఒక వెబ్ పుట ఒకే ఫైలుగా రాదు. పాఠం ఉన్న ఫైలు, రూపాన్ని నిర్ణయించే స్టైల్ ఫైళ్లు, స్క్రిప్టులు, బొమ్మలు, ఫాంట్లు వేర్వేరుగా వస్తాయి. బ్రౌజర్ వీటిలో నిల్వచేయదగినవాటిని కంప్యూటర్‌లో ఉంచుకొంటుంది. రెండోసారి అదే పుట తెరిచినప్పుడు సర్వర్‌ను అడగకుండానే కొన్నిటిని అక్కడినుంచి తీసుకొంటుంది. అందుకే మొదటిసారి నిదానంగా తెరుచుకొన్న పుట రెండోసారి వెంటనే వస్తుంది.

ఏ ఫైలును ఎంతకాలం వాడుకోవచ్చు అనే నిబంధనలు హెచ్.టి.టి.పి. ప్రమాణంలో ఉన్నాయి. వీటి ప్రస్తుతరూపం 2022 జూన్‌లో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 9111. ఇందులో పరిశోధకుడికి అవసరమైన అంశాలు మూడు.

3.1 ఆయుఃపరిమితి:
సర్వర్ ఫైలుతోపాటు కొన్ని సూచనలు పంపుతుంది. వాటిలో “మ్యాక్స్-ఏజ్” అనేది ఆ ప్రతిని ఎన్ని సెకన్లపాటు తాజాదిగా భావించాలో చెబుతుంది. 86,400 అని ఉంటే ఒకరోజు, 3,15,36,000 అని ఉంటే ఒక సంవత్సరం. ఆ గడువు లోపల బ్రౌజర్ సర్వర్‌ను సంప్రదించవలసిన అవసరం లేదు. “నో-స్టోర్” అనే సూచన ఉంటే ఆ ఫైలును నిల్వచేయకూడదు. “నో-క్యాష్” అనే సూచన మాత్రం పేరును బట్టి పొరబడేటట్లు చేస్తుంది. నిల్వచేయవద్దని దాని అర్థం కాదు. నిల్వచేసుకోవచ్చు గాని వాడే ప్రతిసారీ సర్వర్‌ను అడిగి నిర్ధారించుకోవాలని అర్థం.

3.2 పునఃపరిశీలన:
గడువు తీరిన ప్రతిని బ్రౌజర్ వెంటనే పారవేయదు. తన దగ్గర ఉన్న ప్రతి గుర్తును, అంటే “ఈ-ట్యాగ్”ను గాని చివరిసారి మార్పు జరిగిన తేదీని గాని సర్వర్‌కు పంపి, ఇది ఇంకా చెల్లుతుందా అని అడుగుతుంది. మార్పు లేకపోతే సర్వర్ 304 అనే సంఖ్యతో సమాధానమిస్తుంది. పాఠాన్ని మళ్లీ పంపదు. మార్పు ఉంటే కొత్తపాఠం పంపుతుంది. ఈ పద్ధతిలో తక్కువ డేటాతోనే తాజాపాఠం అందుతుంది.

3.3 ఊహించిన గడువు:
సర్వర్ ఏ గడువూ చెప్పనప్పుడు ఏం జరుగుతుంది అనేది మన రంగానికి అత్యంత ముఖ్యమైన ప్రశ్న. అటువంటి సందర్భంలో బ్రౌజర్ తానే ఒక గడువును ఊహించుకోవచ్చు. పుట చివరిసారి మారి ఎంతకాలమైందో చూసి, అందులో కొంతభాగం గడువుగా తీసుకొంటుంది. సాధారణంగా వాడే భాగం పదిశాతమని ప్రమాణంలోనే పేర్కొన్నారు. 200 రోజులుగా మారని పుటకు ఈ లెక్కన 20 రోజుల గడువు వస్తుంది. కొన్ని బ్రౌజర్లు దీనికి గరిష్ఠ పరిమితి విధించుకొంటాయి.

ఈ లెక్కలోని తర్కం సహజమే. చాలాకాలంగా మారనిది ఇకముందూ త్వరగా మారదని ఊహ. వార్తల పుటలకు దీనివల్ల పెద్ద ఇబ్బంది రాదు. కావ్యపాఠాలు, నిఘంటుపుటలు, పాత సంచికలు మాత్రం ఏళ్లతరబడి మారవు. హఠాత్తుగా ఒకరోజు ఎవరో ఒక అక్షరదోషాన్ని సవరిస్తారు. అంటే పరిశోధకులు ఎక్కువగా ఆధారపడే పుటలకే దీర్ఘమైన గడువు దక్కుతుంది. పైన పేర్కొన్న నా అనుభవానికి కారణం ఇదే. ఆ కావ్యపుటకు సర్వర్ ఏ గడువూ నిర్ణయించలేదు. నేను మొదట తెరిచేనాటికి అది మారి దాదాపు రెండేళ్లయింది. ఆ లెక్కన గడువు సుమారు 73 రోజులు. మూడు వారాలకు తెరిచినా, మరో నెలకు తెరిచినా బ్రౌజర్ దృష్టిలో నా ప్రతి తాజాదే.

4. పాతప్రతి ప్రభావం కనిపించే సందర్భాలు:
పరిశోధకులకు, అధ్యాపకులకు ఈ సమస్య ఎక్కువగా మూడు రూపాలలో ఎదురవుతుంది.

మొదటిది, ఒకే పేరుతో మారిన పి.డి.ఎఫ్. ఫైలు. సదస్సు ప్రకటనలో గడువు పొడిగించినప్పుడు, ప్రవేశాల జాబితాను సవరించినప్పుడు, ప్రచురితవ్యాసంలో తప్పు దిద్దినప్పుడు నిర్వాహకులు పాతఫైలు స్థానంలో అదే పేరుతో కొత్తఫైలు పెడుతుంటారు. చిరునామా మారలేదు కాబట్టి బ్రౌజర్ పాతఫైలునే చూపవచ్చు. పత్రిక వెబ్‌సైట్లు నిర్వహించే అధ్యాపకులు సవరించిన ఫైలుకు కొత్తపేరు పెట్టడం, సవరించిన తేదీని ఫైలులోనే ముద్రించడం మంచిది.

రెండవది, పుట రూపం చెదిరిపోవడం. పాఠం కొత్తది, స్టైల్ ఫైలు పాతది అయినప్పుడు పుట అస్తవ్యస్తంగా కనిపిస్తుంది, మీటలు పనిచేయవు. దరఖాస్తు పత్రాలు నింపేటప్పుడు ఇది తరచుగా ఎదురవుతుంది.

మూడవది, ఫాంట్లకు సంబంధించినది. యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన ఒక్కొక్క సంకేతం యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో మూడు బైట్లు తీసుకొంటుంది. 2,000 సంకేతాలున్న పాఠం దాదాపు 6,000 బైట్లు మాత్రమే. గుణింతాలు, ఒత్తులు, సంయుక్తాక్షరాలు చూపవలసిన తెలుగు ఫాంటు ఫైలు దీనికన్నా ఎన్నో రెట్లు పెద్దది. అందుచేత వెబ్‌సైట్లు ఫాంట్లకు సాధారణంగా దీర్ఘమైన గడువు ఇస్తాయి. ఒత్తు సరిగా పడని పాతఫాంటు స్థానంలో అదే పేరుతో సవరించిన ఫాంటును పెట్టినా, మన బ్రౌజర్ పాతదానితోనే పాఠాన్ని చూపుతుండవచ్చు.

అయితే తెలుగు సరిగా కనిపించని ప్రతిసందర్భానికీ క్యాష్ కారణం కాదు. అక్షరాల చోట ఖాళీ చతురస్రాలు కనిపిస్తే ఆ పరికరంలో తగిన ఫాంటు లేకపోవడం కారణం కావచ్చు. పి.డి.ఎఫ్. నుంచి నకలు తీసి అతికించిన పాఠం అర్థంలేని రోమన్ అక్షరాలుగా మారితే, ఆ పాఠం అను ఫాంట్ల వంటి యూనికోడేతర పద్ధతిలో కూర్చినదై ఉండవచ్చు. క్యాష్‌ను ఎన్నిసార్లు శుద్ధిచేసినా ఇవి సరికావు. సమస్య ఏ వర్గానిదో గుర్తించడం మొదటి మెట్టు.

5. క్యాష్, కుకీలు, చరిత్ర - భేదాలు:
శుద్ధి చేసేటప్పుడు జరిగే నష్టాలు ఎక్కువగా ఈ మూడింటినీ ఒకటిగా భావించడం వల్లనే జరుగుతాయి.

(అ) క్యాష్: పుటల, బొమ్మల, ఫాంట్ల ప్రతులు. చెరిపితే శాశ్వతనష్టం లేదు. అవసరమైనప్పుడు సర్వర్‌నుంచి మళ్లీ వస్తాయి.

(ఆ) కుకీలు: వెబ్‌సైట్ మనల్ని గుర్తుపట్టడానికి ఉంచే చిన్న సమాచారం. చెరిపితే లాగిన్ అయిన సైట్లనుంచి బయటికి వచ్చేస్తాం. పాస్‌వర్డ్ మరచిపోయినవారికి ఇది ఇబ్బంది కలిగిస్తుంది.

(ఇ) సైట్ డేటా: కొన్ని వెబ్‌సైట్లు మనం నింపుతున్న పత్రాన్ని, రాస్తున్న చిత్తుప్రతిని బ్రౌజర్‌లోనే తాత్కాలికంగా భద్రపరుస్తాయి. చెరిపితే సమర్పించని రాత పోవచ్చు. చాలా బ్రౌజర్లలో ఇది కుకీలతో కలిపి ఒకే ఐచ్ఛికంగా కనిపిస్తుంది.

(ఈ) చరిత్ర: మనం చూసిన పుటల చిరునామాల జాబితా. ఎప్పుడో చూసిన ఆకరాన్ని మళ్లీ వెదకడానికి పరిశోధకులకు ఉపకరిస్తుంది. ఖాతాతో అనుసంధానించిన బ్రౌజర్‌లో చరిత్రను చెరిపితే ఇతర పరికరాలలోనూ చెరిగిపోవచ్చు. క్యాష్ మాత్రం ఆ పరికరానికే పరిమితం.

(ఉ) దాచిన పాస్‌వర్డ్‌లు, నింపిన వివరాలు: ఇవి పూర్తిగా వేరు. క్యాష్ సమస్యకు వీటిని ముట్టుకోనవసరం లేదు.

“అన్నీ చెరిపేస్తే సరిపోతుంది” అనే సలహా తరచుగా వినిపిస్తుంది. పై పట్టిక చూస్తే ఆ సలహా ఎంత నష్టదాయకమో తెలుస్తుంది. పాతప్రతి సమస్యకు మొదటిదాన్ని చెరిపితే చాలు.

6. శుద్ధి విధానాలు:
వీటిని తేలికైనదానితో మొదలుపెట్టి క్రమంగా అనుసరించాలి. చాలా సందర్భాలలో మొదటి రెండు మెట్లలోనే సమస్య తీరుతుంది.

6.1 పాతప్రతిని భద్రపరచుకోవడం:
శుద్ధికి ముందు చేయవలసిన పని ఒకటుంది. తెరమీద ఉన్నది పాతపాఠమని అనుమానం కలిగితే దాన్ని పి.డి.ఎఫ్.గా గాని స్క్రీన్‌షాట్‌గా గాని దాచుకోవాలి. సవరణకు ముందున్న పాఠానికి మన దగ్గర మిగిలిన సాక్ష్యం అదొక్కటే కావచ్చు. చెరిపిన తరువాత దాన్ని తిరిగి పొందలేం. పాఠాంతరాన్ని నమోదు చేయకుండా ప్రతిని పారవేయడం పరిష్కర్త పద్ధతి కాదు కదా.

6.2 గట్టిగా రీలోడ్ చేయడం:
విండోస్ కంప్యూటర్లలోని క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఎడ్జ్ బ్రౌజర్లలో కంట్రోల్ + ఎఫ్5 గాని, కంట్రోల్ + షిఫ్ట్ + ఆర్ గాని నొక్కితే ఆ పుటకు సంబంధించిన ఫైళ్లను బ్రౌజర్ తన నిల్వనుంచి కాక సర్వర్‌నుంచి తెచ్చుకొంటుంది. మ్యాక్ కంప్యూటర్లలోని క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లలో కమాండ్ + షిఫ్ట్ + ఆర్. సఫారీలో ఆప్షన్ + కమాండ్ + ఆర్. కేవలం ఎఫ్5 నొక్కడం దీనితో సమానం కాదు. అప్పుడు పుటను సర్వర్‌తో సరిచూసినా, దానిలోని ఫాంట్లు, బొమ్మలు నిల్వనుంచే రావచ్చు. బుక్‌మార్క్ నుంచి తెరవడం, చిరునామా టైపు చేయడం వంటివి గడువు తీరని ప్రతిని మార్చలేవు.

6.3 ప్రైవేట్ కిటికీలో పరీక్షించడం:
క్రోమ్, ఎడ్జ్‌లలో కంట్రోల్ + షిఫ్ట్ + ఎన్, ఫైర్‌ఫాక్స్‌లో కంట్రోల్ + షిఫ్ట్ + పి నొక్కితే ప్రైవేట్ కిటికీ తెరుచుకొంటుంది. ఇది సాధారణ క్యాష్‌ను వాడదు. తన నిల్వను కిటికీలన్నీ మూసేసినప్పుడు వదిలేస్తుంది. సాధారణ కిటికీలో ఒకపాఠం, ఇందులో మరొకపాఠం కనిపిస్తే సమస్య మన బ్రౌజర్‌లోనే ఉందని గ్రహించవచ్చు. దేన్నీ చెరపకుండా రోగనిర్ధారణ చేసే పద్ధతి ఇది.

6.4 క్యాష్‌ను మాత్రమే చెరపడం:
పై మెట్లతో ఫలితం రాకపోతే కంట్రోల్ + షిఫ్ట్ + డిలీట్ నొక్కాలి. బ్రౌజింగ్ డేటాను చెరిపే పెట్టె తెరుచుకొంటుంది. ఇక్కడ రెండు విషయాలు చూడాలి. ఒకటి, క్యాష్‌లోని చిత్రాలు, ఫైళ్లు అనే అర్థమిచ్చే ఐచ్ఛికానికి మాత్రమే టిక్ ఉంచి, చరిత్ర, కుకీలు, పాస్‌వర్డ్‌ల వద్ద టిక్ తీసివేయాలి. రెండు, కాలవ్యవధి. ఈ పెట్టెలో “గత గంట” వంటి చిన్నవ్యవధి ముందుగానే ఎంపికై ఉండవచ్చు. మనకు చిక్కు తెచ్చింది వారాల క్రితపు ప్రతి అయినప్పుడు గంట వ్యవధిని చెరిపితే ప్రయోజనం ఉండకపోవచ్చు. “క్యాష్ చెరిపినా మారలేదు” అని చెప్పేవారిలో కొందరి విషయంలో జరిగేది ఇదే కావచ్చు. మొత్తం కాలాన్ని ఎంచుకోవాలి.

ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో బ్రౌజర్, అందులో స్టోరేజ్ అనే క్రమంలో వెళ్తే రెండు మీటలు కనిపిస్తాయి. “క్లియర్ క్యాష్” మనకు కావలసినది. “క్లియర్ డేటా” లేదా “క్లియర్ స్టోరేజ్” నొక్కితే ఆ యాప్‌లోని మన అమరికలు, లాగిన్లు కూడా పోతాయి.

6.5 సైట్ సొంతనిల్వ:
కొన్ని ఆధునిక వెబ్‌సైట్లు నెట్ లేనప్పుడు కూడా పనిచేయడానికి “సర్వీస్ వర్కర్” అనే ఏర్పాటుతో తమ సొంతనిల్వను నిర్వహిస్తాయి. క్యాష్ చెరిపినా పాతపాఠమే వస్తుంటే బ్రౌజర్ అమరికలలో ఆ ఒక్క సైట్ డేటాను చెరపాలి. దీనితో ఆ సైట్ కుకీలు, దాచిన చిత్తుప్రతులు పోతాయి కాబట్టి ముందుగా రాతను వేరేచోట భద్రపరచుకోవాలి.

6.6 ఎంత తరచుగా?
రోజూ క్యాష్ చెరిపితే కంప్యూటర్ వేగంగా పనిచేస్తుందనే అభిప్రాయం ఉంది. అది సరికాదు. చెరిపిన తరువాత ప్రతిపుటా మొదటిసారి నిదానంగా తెరుచుకొంటుంది, డేటా ఎక్కువ ఖర్చవుతుంది. నిల్వ ఒక పరిమితి చేరగానే పాతవాటిని బ్రౌజర్ తానే తొలగించుకొంటుంది. అవసరం కలిగినప్పుడు మాత్రమే శుద్ధి చేయాలి. గ్రంథాలయాలు, ఇంటర్‌నెట్ కేంద్రాల వంటి ఉమ్మడి కంప్యూటర్ల విషయం వేరు. అక్కడ మనం చూసిన పుటల ప్రతులు తరువాత కూర్చొనేవారికి మిగిలిపోకుండా ప్రైవేట్ కిటికీలో పనిచేసి, లాగౌట్ చేసి, కిటికీలన్నీ మూసి రావాలి.

7. బ్రౌజర్‌కు వెలుపలి క్యాష్‌లు:
మన బ్రౌజర్‌ను శుద్ధిచేసినా పాతపుటే వస్తుంటే దోషం మార్గమధ్యంలో ఉండవచ్చు. కళాశాల నెట్‌వర్క్‌లోని ప్రాక్సీ, వెబ్‌సైట్ తరఫున వివిధ ప్రాంతాలలో ప్రతులు ఉంచే కంటెంట్ డెలివరీ నెట్‌వర్క్, సర్వర్‌లోనే ఉండే క్యాష్ ఇందుకు కారణాలు. అదే పుటను కళాశాల వైఫై బదులు ఫోన్ డేటాతో తెరిచి చూడటం తేలికైన పరీక్ష. రెండుచోట్లా పాతదే వస్తే నిర్వాహకులకు తెలియజేయడం తప్ప మనం చేయగలిగింది లేదు.

వికీపీడియా, వికీసోర్స్‌లలో ఈ సౌకర్యం పాఠకుడి చేతిలోనే ఉంది. పుటను సర్వర్ క్యాష్‌నుంచి తొలగించి తాజాగా రూపొందించమని కోరే “పర్జ్” చర్య అక్కడ ఉంది. అంతకన్నా పరిశోధకులకు ముఖ్యమైనది అక్కడి “చరిత్ర” పుట. ప్రతిమార్పూ తేదీ, సమయాలతో అందులో నమోదై ఉంటుంది. ఏ కూర్పును చూశామో ఆ కూర్పుకే శాశ్వతలింకు ఇవ్వవచ్చు. అంతర్జాల పాఠాలలో ముద్రణ సంవత్సరానికి సమానమైన ఆధారం ఇది.

8. ఉదాహరణకు ముందు పాటించవలసిన జాగ్రత్తలు:
క్యాష్ వేరు, ఆర్కైవ్ వేరు. క్యాష్ వ్యక్తిగతం, తాత్కాలికం. తేదీ చూపదు, ఇతరులు చూడలేరు. 1996లో స్థాపితమైన ఇంటర్‌నెట్ ఆర్కైవ్ సంస్థ 2001 నుంచి ప్రజలకు అందిస్తున్న వేబ్యాక్ మెషీన్‌లో పుటలు తేదీలతో భద్రమై ఉంటాయి, ఎవరైనా చూడవచ్చు. గతంలో గూగుల్ శోధన ఫలితాలలో పుటల పాతప్రతులకు లింకులుండేవి. 2024లో ఆ సౌకర్యాన్ని తొలగించారు. కాబట్టి దానిపై ఆధారపడే అలవాటును మార్చుకోవాలి. ఈ నేపథ్యంలో పరిశోధకులు కింది పద్ధతిని అనుసరించవచ్చు.

1. వెబ్ పుటనుంచి పాఠాన్ని ఉదాహరించే ముందు గట్టిగా రీలోడ్ చేసి చూడాలి.
2. చూసిన తేదీని తప్పక రాయాలి. ఈ తేదీ ఆ పాఠాన్ని సర్వర్‌నుంచి తాజాగా తెచ్చుకొన్న రోజు కావాలి.
3. ముఖ్యమైన పుటను వేబ్యాక్ మెషీన్‌లో భద్రపరచి ఆ లింకును కూడా ఇవ్వాలి.
4. వికీసోర్స్ వంటిచోట్ల శాశ్వతలింకు వాడాలి.
5. ఒక వెబ్‌సైట్‌లో దోషం ఉందని రాసేటప్పుడు మరో పరికరంలో, మరో నెట్‌వర్క్‌పై సరిచూడాలి. సవరించలేదని రాసేటప్పుడు ఈ జాగ్రత్త మరీ అవసరం.
6. సిద్ధాంతవ్యాసం సమర్పించే ముందు అంతర్జాల ఉదాహరణలన్నింటినీ ఒకసారి ప్రైవేట్ కిటికీలో తెరిచి పోల్చుకోవాలి.

9. ముగింపు:
ఈ పరిశీలనవల్ల తేలిన విషయాలను ఇలా క్రోడీకరించవచ్చు. తెరమీద కనిపించే వెబ్ పుట మూలపుట కావచ్చు, దాని ప్రతి కావచ్చు. గడువు తెలపని సర్వర్ల విషయంలో, ఎంతోకాలంగా మారని సాహిత్యపుటల ప్రతులే బ్రౌజర్‌లో ఎక్కువకాలం నిలిచే అవకాశం ఉంది. శుద్ధి చేయడమంటే అన్నీ చెరపడం కాదు. పాతపాఠాన్ని భద్రపరచుకొని, కారణాన్ని నిర్ధారించుకొని, క్యాష్‌ను మాత్రమే తగిన కాలవ్యవధితో తొలగించడం. పరిశోధన పద్ధతుల పాఠ్యాంశాలలో గ్రంథసూచిక రాసే విధానంతోపాటు ఈ విషయాన్నీ ఒక తరగతిలో చెప్పడం అవసరం.

సమీక్షకుల అభిప్రాయం అందిన రోజు నేను చేసిన పనులు రెండు. వ్యాసంనుంచి ఆ వాక్యాన్ని తొలగించాను. వెబ్‌సైట్ నిర్వాహకులకు ఆలస్యంగానైనా కృతజ్ఞతలు రాశాను. నా కంప్యూటర్‌లోని పాతపాఠాన్ని మాత్రం స్క్రీన్‌షాట్‌గా ఉంచుకొన్నాను. పరిశోధన పద్ధతులు బోధించేటప్పుడు “అర్థచంద్ర” అని ఉన్న ఆ ప్రతినీ, “అర్ధచంద్ర” అని ఉన్న పుటనూ పక్కపక్కన పెట్టి, ఈ రెండింటి చిరునామా ఒకటేనని విద్యార్థులకు చూపుతున్నాను.